పిన్ని చెయ్యి

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు వాషింగ్ మెషీన్లు ఉండేవి. మొదటిది బట్టలు ఉతకడానికి. రెండోది మా తోటికోడలి మీద పంతానికి.

మొదటిదానికి పెద్ద లోటేమీ లేదు. పైనుంచి మూత తెరిచే రకం. ఉతికేటప్పుడు కాస్త ఊగుతూ గోడదాకా నడిచి వెళ్ళేది, మనం వెళ్ళి బతిమాలి వెనక్కి తెచ్చుకోవాలి. బట్టలు మాత్రం తెల్లగానే వచ్చేవి. దాని తప్పల్లా దానికి కిటికీ లేకపోవడం. మేడమీద మా తోటికోడలి మెషీన్‌కి ముందువైపు గుండ్రటి గాజు కిటికీ ఉంది. ఆ కిటికీ ముందు మా గువ్వ బాసింపట్టు వేసుకుని, సినిమా చూస్తున్నట్టు గంటల తరబడి కూర్చునేది.

గువ్వ మా అమ్మాయి. అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది. అసలు పేరు చాలా పొడుగు. ఏ పేరుతో పిలిచినా పలకదు కాబట్టి, పిలిచేవాళ్ళకి ఆయాసం లేకుండా పొట్టి పేరు ఖాయం చేసుకున్నాం. మాటలు లేవని కాదు. "ఫ్యాన్" అంటుంది. "తిరుగు" అంటుంది. టీవీలో వచ్చే సబ్బు ప్రకటన మొదటినుంచి చివరి సంగీతం దాకా పొల్లు పోకుండా అప్పజెబుతుంది. "అమ్మ" అనదు.

ఆ ఒక్క మాట కోసం నేను పడని పాట్లు లేవు. బిస్కెట్ కావాలని వస్తే డబ్బా వెనక్కి దాచి, "అమ్మా అను, ఇస్తా" అనేదాన్ని. నీళ్ళకీ అదే, తలుపు తీయడానికీ అదే. గువ్వ కాసేపు డబ్బా వంక చూసి, ఇది తెరుచుకోని దుకాణం అని నిర్ధారించుకుని, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయేది.

మేడమీద మరిది వాళ్ళుంటారు. మరిదిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఇంట్లో ఉండేది మా తోటికోడలూ, వాళ్ళబ్బాయీ. వాడు గువ్వ కంటే కొన్ని నెలలు చిన్న. వాడికి నేను మనసులో పెట్టుకున్న పేరు రేడియో. ఒకరోజు అది నోరు జారింది. అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళమ్మ అది మెచ్చుకోలు అనుకుంది.

రేడియో ప్రసారాలు పొద్దున్నే మెట్ల మీద మొదలయ్యేవి.

"పెద్దమ్మా, మీ ఇంట్లో చీమలున్నాయా? మా ఇంట్లో ఉన్నాయి. అవి స్కూలుకెళ్తాయా పెద్దమ్మా? మరి వాళ్ళ అమ్మ ఏమీ అనదా?"

"ఎంత తెలివి! ఎంత తెలివి!" అని మా అత్తగారు వాడి బుగ్గలు పుణికేది. తర్వాత గువ్వ వంక చూసి నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు నేను వంటింట్లో ఉన్నా, స్నానాల గదిలో ఉన్నా, వీధి చివర ఉన్నా సరే నాకు వినపడేంత జాగ్రత్తగా వదిలేది.

నాది కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేమ్ తగిలించి, అందులో అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా? పోనీ, ఇది?" అని రోజంతా అడుగుతాను. సాయంత్రం తెల్లకోటు దుకాణంలోనే వదిలి వస్తాను గానీ, ఆ అలవాటు నాతోపాటు ఇంటికొచ్చేది. గువ్వ పక్కన రేడియో వచ్చి నిలబడితే చాలు, నా లోపల ఎవరో అద్దం మార్చేవారు. ఇది బాగుందా? పోనీ, ఇది?

అదైనా భరించాను. భరించలేనిది మా తోటికోడలి చెయ్యి.

"అక్కా, గువ్వ ఇవాళ ఏం చేసిందో తెలుసా?" అంటూ దిగేది సాయంత్రం, నేను చెప్పులు విప్పకముందే. "వంట చేసుకుంటున్నానా, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. లాక్కెళ్ళి మెషీన్ బటన్ మీద పెట్టింది. ఎంత ముద్దొచ్చిందనుకున్నావ్! బట్టల్లేకుండానే తిప్పాను. ఏం చేస్తాను మరి, పిల్ల అంతగా అడుగుతుంటే!"

"అడిగిందా?"

"నోటితో కాదులే. చేత్తో."

నా కడుపులో ఎవరో స్టవ్ వెలిగించారు. ఈ పిల్ల నన్ను చేత్తో కూడా అడగదు. కన్నది నేను, జ్వరం వస్తే మేలుకునేది నేను, పట్టుకోడానికి మాత్రం పిన్ని చెయ్యి. ఏముంది ఆ చేతిలో? నేను చాలాసార్లు పరీక్షగా చూశాను. మామూలు చెయ్యే. పైగా గోళ్ళ రంగు సగం ఊడిపోయి ఉంది.

ఆ వారమే మావారితో అన్నాను, కొత్త మెషీన్ కొనాలని.

మావారిని ఊళ్ళో అందరూ మాస్టారు అంటారు, నేను కూడా. ముందు గదిలో పదో తరగతి పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తారు. 

"పాతది బాగానే ఉందిగా?"

"ఊగుతోంది."

"నువ్వూ కోపమొస్తే ఊగుతావు. నిన్ను మార్చానా?"

మారిస్తే తెలిసేదన్నాను. మెషీన్ వచ్చింది. మేడమీద దానికంటే కిటికీ పెద్దది, అది కొలుచుకునే కొన్నాను. వెనకాల పంపు దగ్గర పెడదామని దుకాణం మనిషి అంటే, వద్దని వీధి గుమ్మానికి ఎదురుగా పెట్టించాను. వచ్చేపోయేవాళ్ళకి కనపడకపోతే అంత పెద్ద కిటికీ ఎందుకు? పైపు మాత్రం హాలంతా పాములా పాకించాల్సి వచ్చింది. అత్తగారు రోజుకోసారి దాన్ని తట్టుకుని, పడబోయి, ఆపుకుని, నన్ను తలుచుకునేది.

గువ్వని తీసుకొచ్చి ముందు నిలబెట్టాను. నేను వెనకాల నిలబడ్డాను. "అమ్మా అను, తిప్పుతా" అన్నాను.

గువ్వ ఆ గాజు వంక ఒక్కసారి చూసింది. వెనక్కి తిరిగింది. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

"డెమో చూపించమంటారా మేడమ్?" అన్నాడు దుకాణం మనిషి.

"చూశాను" అన్నాను.

*

బడి తెరిచేలోగా ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించమని, ఆటిజం ఉందేమో పరీక్ష చేయించమని చెప్పింది గువ్వ వెళ్ళే ఆటల బడి టీచరమ్మ. చాలా మెల్లగా, మధ్యమధ్యలో "కంగారు పడకండి" అంటూ చెప్పింది. ఎన్నిసార్లు అన్నదంటే, చివరికి కంగారు పడక తప్పలేదు.

ఇంట్లో మొదట అత్తగారు కొట్టిపారేసింది. "వీళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయమ్మాయ్ మాటలు!"

"అందుకేనేమో, ఇప్పుడు ఆగడం లేదు అత్తయ్యా."

మాస్టారు పేపర్ మడిచారు. "నా కూతురికి పరీక్షేంటి? అక్కర్లేదు." కాసేపాగి మళ్ళీ, "అసలు అందులో ఏం చేయిస్తారట?"

టీచరమ్మ చెప్పింది చెప్పాను. బొమ్మలతో ఎలా ఆడుతుందో చూస్తారట. బొమ్మకి పాలు పట్టడం, దుప్పటి కప్పడం లాంటివి. వేలితో చూపిస్తుందా, పిలిస్తే చూస్తుందా, ఇలాంటివి.

ఆయన కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు తెలుసు. ప్రశ్నలు ఏ పాఠంలోంచి వస్తాయో ముందే తెలిసినప్పుడు వచ్చేది.

"ఇంతేనా? సిలబస్ ఇంతేనా?" అన్నారు. "నెల చాలు. నా చేతిలో పడ్డవాళ్ళెవరూ తప్పలేదు. కావాలంటే గోడ చూడు."

ట్యూషన్ గది గోడ నిండా ఫస్టు మార్కుల పిల్లల ఫోటోలుంటాయి. తప్పినవాళ్ళ ఫోటోలు ఎవరూ పెట్టుకోరని అందామనుకుని, ఊరుకున్నాను. ఎందుకంటే నాక్కూడా గువ్వ తప్పకూడదనే ఉంది. మా తోటికోడలి ముందు అసలే తప్పకూడదు.

మర్నాటినుంచి ట్యూషన్ గదిలోకి జరిపిన భోజనాల బల్ల దగ్గర క్లాసులు. ఒక బొమ్మ, ఒక కప్పు, చేతిరుమాలంత దుప్పటి. డాక్టరు వేషం మా తోటికోడలిది. నా దుకాణంనుంచి పవర్ లేని కళ్ళజోడు ఒకటి తెప్పించుకుని, జుట్టు ముడేసుకుని, గొంతు బొంగురు చేసుకుని "పాపా, బొమ్మకి ఆకలేస్తోంది, ఏం చేద్దాం?" అనేది. ఆ కళ్ళజోడు తనకి నప్పింది. అదీ నాకు నచ్చలేదు.

ముందుగా నమూనా జవాబు చూపించడానికి రేడియోని కూర్చోబెట్టేవారు.

"బొమ్మా, బొమ్మా, పాలు తాగుతావా? వేడిగా ఉన్నాయా? ఉండు, ఊదుతా. మీ అమ్మ ఆఫీసుకెళ్ళిందా? ఏడవకు, వచ్చేస్తుంది. నేనున్నాగా!"

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. మాస్టారు "శభాష్!" అని, ట్యూషన్ పిల్లలకి అంటించే బంగారు రంగు నక్షత్రం తీసి వాడి బుగ్గకి అంటించారు. నేను చప్పట్లు కొట్టాను. రెండు చేతులు తగిలాయిగానీ చప్పుడు రాలేదు.

గువ్వ బల్ల మీదికి వంగి, వాడి బుగ్గ మీది నక్షత్రం ఒలిచి, కిటికీ వెలుతురుకి అడ్డంగా పెట్టి అటూ ఇటూ తిప్పుతూ చూసుకుంది. నాకు అది చాలా అందంగా అనిపించింది. కానీ అది సిలబస్‌లో లేదు.

"ఇటు చూడు తల్లీ. పాలు. తర్వాత దుప్పటి. తర్వాత వేలు పెట్టి గోడ మీద ఫోటో చూపించాలి. ఆఖర్న టాటా చెప్పాలి. మళ్ళీ మొదట్నుంచి!" మాస్టారు విసుక్కోకుండా చెప్పారు. ఆయనకి పాపం విసుగు రాదు, అదొక్కటి ఒప్పుకోవాలి.

ఒక మధ్యాహ్నం గువ్వ ఎవరూ చెప్పకుండానే బొమ్మని తీసుకుంది. కప్పు నోటికి పెట్టింది. దుప్పటి కప్పింది. లేచి నిలబడి గోడ మీద ఫోటో వైపు వేలు చాపింది. "టాటా" అంది.

ఇంట్లో పండగైపోయింది. మాస్టారు గువ్వని ఎత్తుకుని గదంతా తిరిగారు. నేనైతే మేడమీదికి వినపడేలా చప్పట్లు కొట్టాను.

*

డాక్టరమ్మ గది చిన్నది. పొట్టి బల్ల, పొట్టి కుర్చీలు, అరల నిండా ఆటవస్తువులు. ఆవిడ కళ్ళజోడు ఫ్రేము వదులై మాటిమాటికీ ముక్కు మీదికి జారుతోంది. స్క్రూ బిగించాలి. నా చేతులు దురద పెట్టాయిగానీ, ముందు వచ్చిన పని చూద్దామని ఊరుకున్నాను.

ఆవిడ సబ్బునీళ్ళ బుడగలు ఊదబోయింది. ఊదేలోపే గువ్వకి అరలో బొమ్మ కనపడింది. తెచ్చుకుంది. కప్పు వెతుక్కుంది, పాలు పట్టింది. దుప్పటి కప్పింది. లేచి నిలబడి, వేలు చాపి గోడవైపు చూపించింది.

ఆ గోడ మీద ఏమీ లేదు. సున్నం.

"టాటా" అంది గువ్వ. తర్వాత దుప్పటి తీసేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

డాక్టరమ్మ పేరు పెట్టి పిలిచింది. బంతి దొర్లించింది. గువ్వ పాలు పట్టే పనిలో ఉంది. మాస్టారు పెదాలు కదుపుతూ లోపల్లోపల జవాబులు చెబుతున్నారు. ఆయన మోకాలిని నేను నా మోకాలితో పొడిచాను.

"మీ ఇంట్లో ఆ వైపు గోడకి ఏముంటుందండీ?" డాక్టరమ్మ అడిగింది.

"మా ఫస్టు మార్కుల పిల్లల ఫోటోలండి."

"ఇదంతా ఎవరు నేర్పించారు?"

మాస్టారు కాలర్ సర్దుకున్నారు. "నేనేనండి."

"చాలా బాగా నేర్పించారు" అంది ఆవిడ, వెటకారం లేకుండా. "అందుకే నాకు పాప కనపడటం లేదు. మీరే కనపడుతున్నారు. వచ్చే నెల మళ్ళీ రండి. అప్పటిదాకా ఏమీ చెప్పించకండి, చదివించకండి."

"ఏమీనా?"

"ఏమీ వద్దు."

ఊపిరి పీల్చవద్దన్నా ఆయన అంత కంగారుపడేవారు కాదు.

"ఇంకొకటి. ఇంట్లో ఏదైనా కావాలంటే పాప ఎవరి దగ్గరికి వెళ్తుంది?"

"నా దగ్గరికే" అన్నాను నేను.

"వాళ్ళ పిన్ని దగ్గరికి" అన్నారు మాస్టారు.

రెండూ ఒకేసారి వచ్చాయి. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని మా ఇద్దరినీ చూసింది. "అయితే ఈసారి ఆవిడని కూడా తీసుకురండి" అంది.

*

ఆ మెట్లు నేను ఎన్నోసార్లు ఎక్కాను. అరువిచ్చిన గిన్నె వెనక్కి తెచ్చుకోవడానికి, ట్యాంకు నీళ్ళు పొంగుతున్నాయని చెప్పడానికి. అడగడానికి ఎక్కింది మాత్రం అదే మొదటిసారి. ఎండాకాలం కదా, మెట్లు కాలుతున్నాయి. నేనూ కాలుతున్నాను.

"చెల్లీ, డాక్టరు నిన్ను రమ్మంది."

"నన్నా? నేనెందుకక్కా, తల్లివి నువ్వుండగా?" అంటోందిగానీ, మొహం కొత్త బల్బులా వెలిగిపోయింది. "ఏమందేంటి? నా పేరు చెప్పి మరీ అడిగిందా?"

"పిన్ని అని అడిగింది."

సాయంత్రానికి వీధి వీధికీ తెలిసిపోయింది. పాలవాడితో చెప్పింది, ఇస్త్రీ బండి దగ్గర చెప్పింది. "గువ్వకి నేనంటే ప్రాణం. డాక్టరే పిలిపించింది, నేను లేందే పరీక్ష జరగదట." ఆ మాట నా దుకాణానికి కూడా వచ్చింది. ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని, ఫ్రేము పెట్టుకుని, "మీ పాపకి మీ తోటికోడలే అన్నీ చూసుకుంటుందటగా, మంచిది" అన్నాడు. ఆయనకి ఆరోజు అద్దాలు మార్చేటప్పుడు కొంచెం గట్టిగానే తగిలించాను.

మధ్యలో మా తోటికోడలు రోజుకోసారి దిగేది. "అక్కా, ఏం కట్టుకోను? మరీ సాదాగా ఉంటే బాగోదేమో."

"నిన్ను కాదుగా చూసేది."

"అదీ నిజమేలే" అని, ఇంకో చీర తెచ్చి చూపించేది.

ఆ నెలంతా మాస్టారు ట్యూషన్ అయ్యాక ఏం చెయ్యాలో తెలీక ఇల్లంతా తిరిగేవారు. గువ్వ కంచాన్ని నేలమీద తిప్పుతుంటే పక్కన కూర్చుని, నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకునేవారు. ఒకసారి ఆయన కూడా ఒక కంచం తిప్పడం చూశాను. నన్ను చూసి దాచేశారు.

*

రెండోసారి మాస్టారిని గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల నేను, మా తోటికోడలు చెరో పొట్టి కుర్చీలో. తను ఇస్త్రీ చీరలో, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది.

డాక్టరమ్మ ఒక గాజు సీసాలో బిస్కెట్ వేసి, మూత బిగించి, బల్లమీద పెట్టి ఊరుకుంది. గువ్వ మూత తిప్పింది. రాలేదు. పంటితో చూసింది. రాలేదు. లేచింది.

నేను నా చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాను, బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు. నెలంతా ఈ ఒక్క నిమిషం గురించే ఆలోచించాను. మరీ దగ్గరగా కనపడాలని కుర్చీ కూడా రెండంగుళాలు ముందుకి జరుపుకున్నాను.

గువ్వ నా కర్చీఫ్ దాటి వెళ్ళిపోయింది. పిన్ని మణికట్టు పట్టుకుంది. లాక్కొచ్చి మూత మీద పెట్టింది.

మా తోటికోడలు నా వంక చూడలేదు. చూడక్కర్లేదు. వీపు చూసినా తెలిసిపోయే సంతోషాలు కొన్ని ఉంటాయి.

"ఇంట్లోనూ ఇంతేనండి!" అంది డాక్టరమ్మతో. "నా చెయ్యి తప్ప ఇంకెవరిదీ పట్టుకోదు."

"చెయ్యి పట్టుకున్నప్పుడు మీ మొహం వంక చూస్తుందా?"

"చూస్తుంది... అంటే, చెయ్యి వంక చూస్తుంది."

డాక్టరమ్మ ఇంకో సీసా తీసింది. ఈసారి తన దగ్గర పెట్టుకుంది. గువ్వ వచ్చింది, మూత చూసింది, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని మూత మీద పెట్టింది. అంతే తేలిగ్గా. రోజూ పట్టుకునే చెయ్యిలాగే.

ఆ ఇస్త్రీ చీర ఒక్కసారిగా నలిగినట్టు కనపడింది నాకు.

"కొంతమంది పిల్లలు ఇలా మన చేతిని పనిముట్టులా వాడుకుంటారు" అంది డాక్టరమ్మ మెల్లగా. "మేం చూసే లక్షణాల్లో ఇదొకటి." తర్వాత నావైపు తిరిగింది. "మీ దగ్గరికి వస్తే ఏమవుతుంది?"

"అమ్మా అనమంటాను. అంటే ఇస్తానంటాను."

"అంటుందా?"

"అనదు."

"ఇస్తారా మరి?"

"చివరికి ఇస్తాను."

"తనకి దగ్గర దారి తెలుసు" అంది ఆవిడ. నవ్వింది, నొప్పించే నవ్వు కాదు. "అడక్కండి కొన్నాళ్ళు. తను కూర్చునే చోట కూర్చోండి. అంతే."

మాస్టారిని లోపలికి పిలిచి ఇంకా చాలాసేపు మాట్లాడింది. ఎప్పుడు నడిచింది, ఎప్పుడు మాట్లాడింది, ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటుంది. అన్నీ విన్నాక, గువ్వకి ఆటిజం ఉందని చెప్పింది. మందు వేస్తే పోయే జబ్బు కాదంది. తన మెదడు ఉండే తీరే అది అంది. వారం వారం తీసుకురమ్మంది, చేయగలిగింది చాలా ఉందంది.

గువ్వ బుడగల సీసాని వెలుతురుకి పెట్టి తిప్పుకుంటోంది.

"మళ్ళీ రాయించొచ్చాండీ?" అన్నారు మాస్టారు.

ఆయన చేతిలో బొమ్మ దుప్పటి ఉంది. ఎప్పుడు తీసుకున్నారో తెలీదు, దాన్ని నాలుగు మడతలు పెడుతున్నారు.

"మీ కళ్ళజోడు ఇలా ఇవ్వండి" అన్నాను డాక్టరమ్మతో. నా హ్యాండ్‌బ్యాగులో చిన్న స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉంటుంది. కాడల స్క్రూలు రెండూ బిగించాను. అవసరమైనదానికంటే ఎక్కువసేపే బిగించాను. ఆవిడ కళ్ళు చికిలించి, ఓపిగ్గా కూర్చుంది.

వచ్చేటప్పుడు కారు వెనక సీట్లో మా ఇద్దరి మధ్యా గువ్వ నిద్రపోయింది. మా తోటికోడలు ఎప్పుడూ లేనిది కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. సగం దారిలో అంది:

"అక్కా, ఆవిడ చెయ్యి కూడా పట్టుకుందే."

"చూశాను."

"అంతకుముందు ఒక్కసారేగా చూసింది ఆవిణ్ణి."

"అవును."

"అయితే నాది స్క్రూడ్రైవర్ అన్నమాట."

ఆ మాట కోసం ఎండాకాలమంతా ఎదురుచూశాను. తీరా విన్నాక పంచదార వెయ్యడం మర్చిపోయిన టీలా ఉంది. తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాది అదీ కాదుగా" అన్నాను.

*

తొలి వానలు పడేనాటికి కొత్త మెషీన్ మీద అత్తగారు కుట్టిన కుచ్చుల గుడ్డ పడింది. దాని మీద పూలకుండీ. పైపు ఎవరూ తట్టుకోకుండా చుట్టబెట్టాం. గువ్వ మాత్రం మామూలుగానే మెట్లెక్కి వెళ్ళేది. మా తోటికోడలు మామూలుగానే బటన్ నొక్కేది. కిందికొచ్చి చెప్పడం మానేసింది, అంతే.

ఒక సెలవునాడు మధ్యాహ్నం, అత్తగారు నిద్రపోతుంటే, నేను కుండీ తీసి, గుడ్డ తీసి, గువ్వ రంగు గౌనులు నాలుగు మెషీన్‌లో వేశాను. ఎదురుగా నేలమీద కూర్చున్నాను, డాక్టరమ్మ చెప్పినట్టు. అంత కిందనుంచి దాన్ని ఎప్పుడూ చూడలేదు నేను. ఎప్పుడూ నిలబడే చూశాను, అదీ చూసేవాళ్ళని చూడటానికి.

గాజులో గౌనులు కనపడలేదు. వీధి గుమ్మం కనపడింది. గుమ్మంలోంచి వచ్చే ఎండ మొత్తం ఆ గాజు మీదే పడుతోంది. దాని మధ్యలో ఒక మొహం, కళ్ళు ఇంతింత చేసుకుని నా వంకే చూస్తోంది. నాదే. వెనకాల నిలబడి "అమ్మా అను, అమ్మా అను" అంటుంటే గువ్వకి కనపడింది ఇదన్నమాట. నేనైనా పైకి పారిపోయేదాన్నే.

రోజూ జనానికి చెప్తాను, మెరుపు కొట్టని అద్దాలు వేయించుకోండని. లేచి, దుప్పటి ఒకటి తెచ్చి గుమ్మానికి అడ్డంగా కట్టాను. గాజులోంచి నా మొహం పోయింది. లోపల పసుపుపచ్చ గౌను కనపడింది.

మళ్ళీ కూర్చున్నాను. గోడకి ఆనుకుని. పిలవలేదు.

గువ్వ మెట్ల వైపు వెళ్తూ ఆగింది. మెషీన్ వంక చూసింది. దగ్గరికి వచ్చింది. గాజుకి ముక్కు ఆనించింది. బటన్ చూసింది. చుట్టూ చూసింది, ఏదైనా చెయ్యి దొరుకుతుందా అన్నట్టు. మిగతా ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. ఖాళీగా ఉన్నది ఒక్కటే.

వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చిన్న వేళ్ళు, చల్లగా, కొంచెం జిగురుగా ఉన్నాయి. నా మొహం చూడలేదు. లాక్కెళ్ళి బటన్ మీద పెట్టింది.

నా నాలుక చివరిదాకా వచ్చింది "అమ్మా అను" అని. మింగేశాను. బటన్ నొక్కాను.

పసుపు, ఎరుపు, నీలం తిరగడం మొదలైంది. గువ్వ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పట్టుకున్న మణికట్టు వదలడం మర్చిపోయింది, లేక మళ్ళీ అవసరం పడుతుందని దగ్గర ఉంచుకుంది. నాకు తెలీదు. డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది. లక్షణం. సరే, లక్షణమే. నా కూతురి లక్షణం, నా చేతి మీద ఉంది.

ఇలాంటప్పుడు ఉత్తములైన తల్లులు మౌనంగా కన్నీళ్ళు పెట్టుకుంటారని విన్నాను. నేను గొంతు చించుకుని అరిచాను.

"చెల్లీ! ఓ చెల్లీ! ఒక్కసారి కిందికి రా!"

"ఏంటక్కా?"

"ఏం లేదు, ఊరికే! రా!"

మా తోటికోడలు మెట్లు దిగి వచ్చింది. వెనకాల రేడియో. దుప్పటి కట్టిన గుమ్మం చూసింది, తిరిగే గౌనులు చూసింది, నా మణికట్టు మీది వేళ్ళు చూసింది. నవ్వడానికి గట్టి ప్రయత్నమే చేసింది. ఆ మొహం నాకు కొత్త కాదు. ఎండాకాలమంతా రోజూ పొద్దున తల దువ్వుకుంటూ చూసుకున్న మొహమే.

"మీ మెషీన్ కాస్త చప్పుడు ఎక్కువే అక్కా" అంది.

"చెయ్యనీ" అన్నాను. తర్వాత కొంచెం పక్కకి జరిగి, నేలమీద చోటు చూపించాను. తను ఒక క్షణం ఆలోచించి, వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, అందులో గౌనుకి కళ్ళు తిరగవా? మరి వాంతి చేసుకుంటే? పెద్దమ్మా, నాకు బిస్కెట్ ఇవ్వవా?" రేడియో ప్రసారం మొదలైంది.

"మీ అమ్మనడుగురా" అన్నాను. "నాకు చెయ్యి ఖాళీ లేదు."